వంగిన ఇరుసు, వంగని మోకాళ్ళు

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా స్టాకు రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదండీ. కావలిస్తే వచ్చి చూసుకోండి. గెడ్డవలస మునిసిపాలిటీ స్టోర్ కీపరు సత్యలింగం అంటే జిల్లాలో తెలియనివాడు లేడు. చీపురుకట్ట దగ్గర్నుంచి రోడ్డు రోలరు దాకా నా రిజిస్టరులో ఉంటేనే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఈ మాటకి నవ్వేది. తరవాత మానేసింది.

రెండోది, నాకు తెల్ల ప్యాంటు అలవాటు. మసీ గ్రీజూ మధ్య పొద్దంతా కూర్చుని సాయంత్రం మరక లేకుండా ఇంటికి చేరే స్టోర్ కీపర్ని నేనొక్కణ్ణే. ఈ రెండు గొప్పలూ ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, గుట్ట మీద కాలనీలో రెండొందల గడపలు ఇరవై ఒక్క రోజులు నీళ్ళకి అల్లాడిపోవడానికి ఈ రెండే కారణం. మూడో కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

ఆరేళ్ళ కిందట మా మునిసిపాలిటీకి మిలిటరీ సామాను మోజు పట్టుకుంది. మిలిటరీ వాళ్ళు వాడి పక్కన పెట్టినవేవైనా సరే, సివిల్ వాళ్ళ కొత్త వాటికన్నా గట్టివని అప్పటి పెద్దల నమ్మకం. వేలంలో ఏ పనికీ రాని టోపీలు నూట ఇరవై కొన్నాం, ఇప్పటికీ స్టోరులో ఉన్నాయి, అన్నీ లెక్కకి సరిపోతాయి. వాటితోపాటు ఒక సరుకుల ట్రైలర్ వచ్చింది. రెండు చక్రాలు, ఒక ఇరుసు, ముందు ట్రాక్టరుకి తగిలించే పొడుగాటి కొక్కెం కడ్డీ. ఒళ్ళంతా ముదురాకుపచ్చ రంగు.

రిజిస్టరులో ఎక్కించాలంటే నంబరు కావాలి. నంబరు రేకు ఎక్కడో అడుగున ఉంటుందనీ, వంగి చూడాలనీ దాన్ని తెచ్చిన హవల్దారు చెప్పాడు. ఆ రోజు ఉదయమే ఇస్త్రీ మడత విప్పిన ప్యాంటు వేసుకున్నాను. నేను నిలబడ్డ చోటునుంచే వెనకవైపు ఇరుసు మీద చెక్కిన అంకెలు చక్కగా కనబడ్డాయి. నలభై వేల ఏడువందల పందొమ్మిది. దేవుడిలా కనిపించాయి నాకు. "ట్రైలర్, మిలిటరీ, ఒకటి, నంబరు 40719" అని గుండ్రటి అక్షరాలతో ఎక్కించి సంతకం పెట్టాను.

ఆ ట్రైలర్ మీద నీళ్ళ ట్యాంకు బిగించి గుట్ట మీది కాలనీకి రోజుకి నాలుగు ట్రిప్పులు తిప్పడం మొదలుపెట్టారు. పైకి పైపు వెయ్యలేదు, కింద నుంచి నీళ్ళు మోసుకెళ్ళాలంటే నూట ఎనభై మెట్లు. అసలు దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టమన్నారు. స్టోరులో వెయ్యి లీటర్లది వెనకాల ఉంది, రెండు వేలది గుమ్మం దగ్గరే ఉంది. గుమ్మం దగ్గరున్నదే ఇచ్చాను. పాపం, ఆరేళ్ళు మోసింది. ఈ వేసవి మొదట్లో రెండో మలుపులో ఇరుసు ఇంత వంపు తిరిగి, చక్రాలు రెండూ లోపలికి ముడుచుకుని కూలబడింది.

మర్నాడు మా ఇంట్లో అంట్లు తోమే ఎర్నమ్మ పదింటికి వచ్చింది. ఆమెది ఆ గుట్ట మీద కాలనీయే. చంకలో రెండు ఖాళీ బిందెలు.

"ఏటే ఇంత ఆలస్యం?" అంది మా ఆవిడ.

"ఏటి సెయ్యమంటావమ్మా! తొల్లకోడి కూసినకాడ్నించి మెట్లమ్మట దిగతన్నాను, ఎక్కతన్నాను. మా అత్త మంచాన ఉన్నాది గదా, నీల్లు లేక నిన్నటికాడ్నించి దానికి తానం లేదు. పుండ్లు కడగాల. బావూ, మీ బండెప్పుడు బాగవుద్ది?"

"రెండు రోజులు" అన్నాను ధీమాగా. మెకానిక్ పోలినాయుడు అంతే చెప్పాడు మరి.

పోలినాయుడు మాట తప్పే మనిషి కాదు. బైపాసు రోడ్డులో వెల్డింగు షెడ్డు వాడిది. ట్రైలర్ని దిమ్మల మీదకి ఎత్తి, కమాన్ కట్టలు పట్టి ఉంచిన యూ బోల్టులు ఊడదీసి, వంగిన ఇరుసు లాగేశాడు. దాని జాగాలో ట్రాక్టరు తొట్టికి వేసే గట్టి ఇరుసు పెట్టి, కొత్త బేరింగులు దిగ్గొట్టి, గ్రీజు పట్టించి, చక్రాలు తగిలించాడు. సరిగ్గా మూడో రోజు పొద్దున్న ట్రైలర్ని ఆఫీసు ఆవరణలోకి తెచ్చి నిలబెట్టాడు. పాత ఇరుసుని గోనెసంచిలో చుట్టి స్టోరు గోడకి ఆనించాడు.

"సంతకం ఎట్టండి బాబూ, ఎల్తాను" అన్నాడు.

సంతకం పెట్టే ముందు సరుకు సరిచూసుకోవడం నా పద్ధతి. రిజిస్టరు తెరిచాను. నంబరు 40719. ట్రైలర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. కొత్త ఇరుసు నున్నగా, నల్లగా, ఒక్క అంకె లేకుండా ఉంది. స్టోరులోకి వెళ్ళాను. గోనెసంచి తొలగిస్తే 40719 మిలమిలా మెరిసింది.

"పోలినాయుడూ, ఇదయ్యా మా ట్రైలర్" అన్నాను గోడకి ఆనించినదాన్ని చూపించి.

"అది పాత ఇరుసు బాబూ."

"నీకు ఇరుసు. రిజిస్టరుకి ట్రైలర్. మరి ఆవరణలో నిలబెట్టావే, అదేమిటి?"

వాడు నా మొహం కేసి చూశాడు, దాని కేసి చూశాడు, తల గోక్కున్నాడు. "నానెల్లి టీ తాగొత్తాను బాబూ" అని వెళ్ళినవాడు మళ్ళీ నాలుగు రోజులు కనబడలేదు.

ఇక్కడ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ క్షణాన ఒక్క కొట్టివేత కొట్టి, "నంబరు తప్పు పడినది, చూడలేదు" అని పక్కన రాస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి గుట్ట మీద నీళ్ళుండేవి. కలం మూత కూడా తీశాను. ఇరవై ఆరేళ్ళ రిజిస్టరు, ఒక్కటంటే ఒక్క గీత లేని తెల్లటి కాగితాలు, నావైపే చూస్తున్నాయనిపించింది. మూత పెట్టేసి, కమిషనరు గారికి నోటు రాశాను.

"పై నంబరు గల ట్రైలర్ స్టోరునందు గోడకు ఆనించబడి భద్రముగా ఉన్నది. ఆవరణయందు ట్రైలరును పోలిన వస్తువు ఒకటి ఉన్నది. అది ఈ కార్యాలయపు ఆస్తి అగునట్లు దాఖలా లేదు. తగు ఉత్తర్వులకై."

కమిషనరు విశ్వంభరరావు గారు మా దగ్గరికి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది. నోటు మూడుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను కూర్చోమన్నారు. ఆ గదిలో నన్నెవరైనా కూర్చోమనడం అదే మొదటిసారి.

"సత్యలింగం గారూ, చాలా మౌలికమైన అంశాన్ని స్పృశించారు. యావత్ యంత్రాంగం దృష్టికి రాని విషయం మీ దృష్టికి వచ్చింది. నంబరు లేని వాహనంలో ప్రజలకు తాగునీరు సరఫరా చేయడమా! రేపు ఏదైనా జరగరానిది జరిగితే, ఏ వాహనం వల్ల జరిగిందని నివేదిస్తాం?"

"నిజమేనండి" అన్నాను. పొగిడితే నాకు ఒళ్ళు తెలియదు.

"పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వెలువడే పర్యంతం, స్టోరునందున్న ట్రైలరునే ట్రైలరుగా పరిగణిద్దాం. ఆవరణలోని వస్తువుకి స్వంతదారు ఎవరో ముప్పై రోజుల్లోగా గుర్తులు చెప్పి తీసుకువెళ్ళవలసిందిగా పత్రికా ప్రకటన జారీ చేయండి."

ప్రకటన పడింది. డ్రైవరు సన్యాసిని యథాప్రకారం ట్రైలర్ డ్యూటీకే వేశారు కాబట్టి అతను పొద్దున్నే వచ్చి గోడకి ఆనించిన ఇరుసు పక్కన స్టూలు వేసుకు కూర్చునేవాడు. రోజూ లాగ్ షీటు నింపాలి. మొదటిరోజు ఏం రాయాలో తెలియక నన్నడిగాడు. నేనే చెప్పాను. "ట్రిప్పులు: సున్నా. కారణం: నీరు నిలుచుటలేదు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వారం గడిచింది. పక్షం గడిచింది. ఎర్నమ్మ మా పంపు దగ్గర రెండు బిందెలు పట్టుకుని వెళ్తోంది, కానీ మనిషి చిక్కిపోయింది. మెట్ల మీద జారి మోచెయ్యి చెక్కుకుపోయింది. మా ఆవిడ పసుపు రాసింది. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు అన్నం సహించనివ్వలేదు.

"మీ అత్తకి ఎలా ఉందే?" అని అడిగాను.

"ఉన్నాది బావూ. దాహం దాహం అంటాది. తాగడానికే సాలవు, ఇంక పుండ్లేటి కడుగుతాను. తడిగుడ్డెట్టి తుడుస్తన్నాను." తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. "బండి ఆపీసుకాడే ఉన్నాదట గదా. నిన్న నా కళ్ళతో నాను సూసినాను. సక్రాలు తిరగతన్నాయి. మరేటి బాద?"

"అది మాది కాదే."

"మరెవులిది?"

"అదే కనుక్కుంటున్నాం."

ఆమె నన్ను చూసిన చూపు ఎలాంటిదంటే, పిచ్చాసుపత్రికి దారి అడిగినవాణ్ణి చూసినట్టు. తప్పు ఆమెది కాదు.

ఇరవయ్యో రోజున ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు బైఠాయించారు. కమిషనరు గారు కిటికీలోంచి చూసి చలించిపోయారు. నిజంగానే చలించారండీ, ఆయన చెడ్డమనిషి కాదు. వెంటనే సమావేశం పెట్టారు.

"ట్రైలర్ ఇరవై రోజులుగా కాలనీకి వెళ్ళకపోవడం క్షమార్హం కాని విషయం. రేపటినుంచి ట్రైలర్ గుట్టకి వెళ్ళి తీరాలి!"

"వెళ్ళాలంటే దాన్ని ఎవరైనా మొయ్యాలి సార్" అన్నాడు సన్యాసి. "ఎనభై కేజీలుంటాది."

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నా బుర్ర మీద నాకే చిరాకేసే సందర్భాలు జీవితంలో ఉన్నాయి, అన్నిటికన్నా ముందు దీన్ని చెప్పుకుంటాను. "సార్, మునిసిపల్ ఆస్తిని తరలించడానికి అందుబాటులో ఉన్న ఏ వాహనమైనా వాడుకోవచ్చని నిబంధన ఉంది. ఆవరణలో ఉన్న వస్తువు మీద మన ట్రైలర్ని ఎక్కించి గుట్టకి తీసుకెళ్ళొచ్చు."

"భేష్! మరి దాని మీద నీళ్ళ ట్యాంకు కూడా..."

"అది కుదరదు సార్. నీటి సరఫరాకి రిజిస్టరులో ఉన్న వాహనమే వాడాలి. ఆస్తి తరలింపు వేరు, నీటి సరఫరా వేరు."

"అక్షరాలా వాస్తవం" అన్నారు కమిషనరు గారు, కొంచెం బాధగానే.

మర్నాడు ట్యాంకు దింపేశాం. ట్రాక్టరు వెనక ఎవరిదీ కాని ట్రైలర్. దాని మీద గోనెపట్టా పరిచి, తాళ్ళతో బిగించి, వంగిన ఇరుసు. పక్కన పడిపోకుండా పట్టుకుని నేను. ట్రైలర్ బాధ్యత నాది కదా! రెండో మలుపు, మూడో మలుపు. కొత్త ఇరుసు మా ఇద్దర్నీ కిక్కురుమనకుండా పైకి మోసింది.

గుట్ట మీద ట్రాక్టరు చప్పుడు వినగానే అరుపులు మొదలయ్యాయి. "బండొచ్చినాది! బండొచ్చినాదర్రా!" బిందెలు, బకెట్లు, వంటగిన్నెలు, ఒకావిడ చేతిలో ఉట్టి చెంబు. వరస కట్టేశారు. ముందు వరసలో ఎర్నమ్మ.

ట్రాక్టరు ఆగింది. నేను నిలబడ్డాను, తెల్ల ప్యాంటులో, ఇరుసు పట్టుకుని.

చెంబు ఆవిడ ట్రైలర్ వెనక్కి వెళ్ళి, వెనకాల ఇంకేమైనా వస్తోందేమోనని దారి చివరికంటా చూసింది.

"ఏటి బావూ ఇది?" అంది ఎర్నమ్మ.

"ట్రైలర్."

"మరి కిందనున్నదేటి?"

సన్యాసి లాగ్ షీటు మీద 'ట్రిప్పులు: ఒకటి' అని రాసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. సిగ్గంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అరిచి తిట్టి ఉంటే బాగుండేది. ఎర్నమ్మ బిందె నేల మీద బోర్లించి, దాని మీద కూలబడి ఏడ్చింది. "మా అత్త సస్తాది బావూ. దాహంతో సస్తాది. నువ్వు ఇనపముక్కని ఊరేగించుకో" అంది. కన్నీళ్ళు కొంగుతో తుడుచుకుంది, లేచింది, వరసలో ఉన్న ఆడవాళ్ళ కేసి తిరిగింది.

"ఓలమ్మా, ఇటు రండి. ఇనపముక్క దింపీయండి."

పదిమంది ఆడవాళ్ళు తాళ్ళు విప్పి ఇరుసుని నా పాదాల పక్కన, పాదం మీద కాకుండా జాగ్రత్తగా దింపారు. అంత కోపంలోనూ ఆ జాగ్రత్త చూపించారు. తరవాత కొక్కెం పిన్ను లాగేసి ట్రైలర్ని ట్రాక్టరునుంచి విడదీశారు.

"ఇదేమిటే!" అన్నాను.

"నీది నువ్వు అట్టుకుపో. ఇది నీది కాదని పేపర్లో నువ్వే ఏయించినావంట గదా. ఎవులిదో గుర్తులు సెప్పి తీసుకుపొమ్మన్నావంట. మా అల్లుడు సదివి ఇనిపించినాడు. ఇదుగో, నానొచ్చినాను. ఇది నాది."

"గుర్తులు చెప్పాలి" అన్నాను. నా నోరే అండీ అది, ఆ స్థితిలో కూడా.

"సెప్తాను ఇనుకో. ముందర కడ్డీ ఉన్నాదా, దాని అడుగున ఇత్తడి రేకు ఉన్నాది, నాలుగు సీలలతో కొట్టినారు. రేకు మీద పైకి సూసే బాణం బొమ్మ. బాణం కింద అంకెలు. ఒకటి, మూడు, మల్లీ ఒకటి, ఎనిమిది, సున్నా."

"నీకెలా తెలుసు?"

"ఎలాగేటి? మీ ట్యాంకు ఆరేళ్ళు ముందరకాడ కారింది గదా. సివరి సుక్క ఒగ్గుకోలేక ఆ కడ్డీ కింద దూరి గిన్నెట్టుకుని తొంగునేదాన్ని. పైన రేకే కనపడీది. అంకెలు మా అల్లుడికాడ నేర్సుకున్నాను."

హక్కు కోరినవాళ్ళు చెప్పిన గుర్తుల్ని స్టోర్ కీపరు స్వయంగా తనిఖీ చెయ్యాలని ప్రకటనలో నేనే రాశాను. తప్పదు. చేతిరుమాలు తీసి నేల మీద పరిచాను. అది చాల్లేదు. ఎర్రమట్టిలో రెండు మోకాళ్ళూ ఆనించి, తల వంచి, కడ్డీ కిందకి చూశాను.

ఇత్తడి రేకు. నాలుగు చీలలు. పైకి చూసే బాణం. దాని కింద "ట్రైలర్, సరుకు" అని చెక్కి, ఆమె చెప్పిన అంకెలే, వరస తప్పకుండా. ఒంటిమీది ముదురాకుపచ్చ రంగు కూడా దాని మీద పడలేదు. ఆరేళ్ళుగా అక్కడే ఉంది, నా మోకాలెత్తుకి జానెడు కింద. నేను రిజిస్టరులో ఎక్కించిన నంబరు ఇరుసు చేసిన ఫ్యాక్టరీ వాడిది. అలాంటివి వాడు ఎన్ని వేలు చేశాడో.

ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఇప్పటికైనా లేచి నిలబడి, "తప్పు నాదమ్మా, ఇది మునిసిపాలిటీదే, ఆరేళ్ళ కిందట వంగి చూడలేదు" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ముక్క గొంతుదాకా వచ్చింది కూడా. నేను లేచి, మట్టి దులుపుకుని, జేబులోంచి కాగితం తీసి రాశాను.

"హక్కుదారు శ్రీమతి ఎర్నమ్మ చెప్పిన గుర్తులు ప్రత్యక్ష తనిఖీలో సరిపోయినవి. వస్తువు ఆమెకు స్వాధీనపరచడమైనది."

కింద సంతకం పెట్టాను. గుండ్రటి అక్షరాలే.

ఆ సాయంత్రమే పోలినాయుడు తన షెడ్డులో ఉన్న ట్యాంకు ఒకటి, సరిగ్గా వెయ్యి లీటర్లది, ఎర్నమ్మ బండి మీద బిగించి, తన ట్రాక్టరు తగిలించి మొదటి ట్రిప్పు కొట్టాడు. ముసలావిడ ఇత్తడి గ్లాసుతో రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగి, "ఇంకా పొయ్యవే" అందట. పుండ్లు కడిగారట. ఇవన్నీ ఎర్నమ్మ మా ఆవిడకి చెబుతుంటే పెరట్లో నిలబడి విన్నాను. నాకు చెప్పలేదు.

కమిషనరు గారు నొచ్చుకుంటారనుకున్నాను. పొంగిపోయారు. "నీటి సరఫరాలో ప్రజా భాగస్వామ్యం! గుట్ట మీది మహిళ స్వంత ట్రైలరుతో ముందుకు రావడం ఈ పట్టణ చరిత్రలో శుభ పరిణామం" అని పైకి నివేదిక పంపారు. శాలువా కప్పుతాం రమ్మని ఎర్నమ్మకి కబురంపారు. మధ్యాహ్నం ట్రిప్పు ఉందని ఆమె రాలేదు. ఆ శాలువా నాకు కప్పారు.

మొన్న ఆడిట్ ఆఫీసరు వచ్చాడు. రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిరగేసి, స్టోరులోకి వెళ్ళి ఇరుసుని తాకి చూసి, నంబరు సరిపోల్చుకుని టిక్కు పెట్టాడు. "ట్రైలర్ ఒకటి, నంబరు 40719, ఉన్నది. వాడకం వల్ల అరుగుదల ఏమియు లేదు. నిర్వహణ ప్రశంసనీయము" అని రాశాడు. సన్యాసి ఇప్పటికీ రోజూ దాని పక్కన స్టూలు మీద కూర్చుంటాడు, శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతాడు.

నిన్న పొద్దున్న ఎర్నమ్మ గిన్నెలు తోముతూ, తలెత్తకుండానే అడిగింది.

"బావూ, ఒకటి అడగనా? ఆ దినం మా బండికాడ మోకాళ్ళమీద కూకున్నావు గదా. ఆ కూకునేదేదో ఆరేళ్ళ ముందర కూకుంటే ఏటయ్యేది?"

"నాకు మోకాళ్ళ నొప్పులే. వంగలేను" అన్నాను.

ఆమె ఔనన్నట్టు తలూపి, గిన్నె కడిగి బోర్లించింది. నా మోకాళ్ళకి ఏ నొప్పీ లేదని, రెండూ రాయిలా గట్టిగా ఉన్నాయని నాకూ తెలుసు, ఎర్రమట్టిలో నన్ను చూసిన ఆమెకీ తెలుసు.